ఒబ్బట్టు పథ్యం

సింగానల్లూరు,
6 అక్టోబరు 2024, ఆదివారం.

చిరంజీవి కృత్తికకు,

మీ అక్క మధుమిత దీవించి రాయునది. ఇచ్చట అందరమూ క్షేమం, అచ్చట నీ క్షేమం తెలుపవలెను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మన తెలుగు క్లాసులో నేర్పారు కాబట్టి రాశాను. కల్యాణ మండపం వెనక గదిలో, ఆ ఉక్కలో కూర్చుని మనిద్దరం గుణింతాలు దిద్దుతుంటే మిగతా పిల్లలంతా ఒక్కొక్కరే జారుకున్నారు, గుర్తుందా? ఆ చదువు ఇన్నాళ్ళకు నీతో పోట్లాడ్డానికి పనికొస్తోంది. ఫోన్లో నేను అరుస్తానని, అరవకుండా చెప్పాలంటే ఉత్తరం రాయమని అన్నావు. అప్పటి నుంచి రాస్తూనే ఉన్నాను. అదీ ఒకందుకు మంచిదే. ఈ ఇంట్లో లేచింది మొదలు అందరూ తెలుగే మాట్లాడతారు గానీ అక్షరం ఒక్కరికీ రాదు. మీ బావకు తమిళం, ఇంగ్లీషు. మా అత్తకు అవి కూడా లేవు, బ్యాంకుకు వెళితే వేలిముద్రే. కాబట్టి మనసులో ఉన్నది ఉన్నట్టు రాసి, సగం రాసిన కాగితం వంటింట్లో వదిలేసి పోయినా నాకు భయం లేదు.

క్షేమం అన్నది అబద్ధం. నీ పిల్లి క్షేమంగా లేదు. నేను అసలే లేను.

ఒబ్బట్టు మళ్ళీ గోక్కుంటోంది. మెడ మీద మానిన చోటే మళ్ళీ పచ్చిపుండు. చెవుల వెనక చెక్కు కట్టింది. పొట్ట కింద నాకి నాకి వెంట్రుకలన్నీ ఊడగొట్టుకుంది. నీకు మదురైలో ఉద్యోగం వచ్చి, అక్కడి ఇంటి ఓనరు పిల్లిని రానివ్వనన్నాడని దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టినప్పుడు ఎలా ఉండేది! పెనం మీంచి అప్పుడే తీసిన ఒబ్బట్టులా పసుపుగా, నున్నగా ఉండేది. జూలైలో, ఆడి నెలప్పుడు, దాని పుండ్లు వీడియోలో చూసి నువ్వన్న మాట నేనింకా మరిచిపోలేదు. అక్కా, నువ్వు పిల్లిని కూడా చూసుకోలేవా అన్నావు. ఆ ‘కూడా’ దగ్గరే ఆగిపోయాను నేను. పిల్లిని కూడా చూసుకోలేనంటే ఇంకా ఏమేం చూసుకోలేకపోయానని నీ ఉద్దేశం?

పోనీలే. ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను, తర్వాత తప్పెవరిదో నువ్వే చెప్పు.

పశువుల డాక్టరమ్మ మొదట పేలేమో అని చూసింది, తర్వాత గజ్జేమో అని చూసింది. రెండూ కాదని తేలాక ఏం తింటుంది అని అడిగింది. చికెన్ అన్నాను. అది కాకుండా? చికెన్ కలిపిన గింజలు. అదీ కాకుండా? చికెన్ ఉడికించిన నీళ్ళు. ఆమె పెన్ను కింద పెట్టేసింది. కొన్ని పిల్లులకు ఏళ్ళ తరబడి తిన్న తిండే ఒకనాటికి పడకుండా పోతుందట. ఏది పడలేదో తెలుసుకోవడానికి రక్తపరీక్షను నమ్మలేమట. అది పుట్టిన్నుంచి రుచి చూడని మాంసం ఒక్కటే పెట్టాలి, రెండు నెలలు ఇంకేదీ నోటికి తగలకూడదు, పాలు కూడా వద్దు, ఒక్క ముక్క తప్పు తిన్నా మళ్ళీ మొదటికే అంది. ముందు ఆవిడ చెప్పిన పథ్యం గింజలే తెచ్చాను. నీ మహారాణి వాటిని వాసన చూసి, గిన్నె చుట్టూ నేలను కాలితో గీకి, మలం మీద మట్టి కప్పినట్టు కప్పిపోయింది. పస్తు పెడితే దిగొస్తుందిలే అనుకుంటే, పిల్లి పస్తుంటే లివరు పాడవుతుందని డాక్టరమ్మ కేకలేసింది. చేపలు నీ దగ్గర తినేసింది. చివరికి మేకమాంసం మిగిలింది. ఉప్పు లేకుండా ఉడికించి, చిదిమి, ఆవిడ ఇచ్చిన పొడి కలిపి పెట్టాలి. మీ బావ పళ్ళెంలోకి తొంగిచూసి, నాకెప్పుడైనా ఇంత శ్రద్ధగా వండావా అని ఒక మాట విసిరి వర్క్‌షాపుకు వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు గోకడం తగ్గింది. నేను సంబరపడి నీకు ఫోటో పంపాను, చూశావు కదా. ఆ వారమే మళ్ళీ మొదలు. చూస్తే, మా అత్త దానికి నాటుకోడి చారులో ముక్కలు తీసి పెడుతోంది! చికెన్ వద్దని ఎన్నిసార్లు చెప్పానత్తా అని నేను నెత్తి కొట్టుకుంటే, ఆమె నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, “చికెన్ అంటే అంగడిలో అమ్మే బ్రాయిలరే దా అమ్మణి. ఇది మన నాటుకోడి. ఇది ఎట్ల చికెన్ అయితాది? నీ డాక్టరు దీన్ని వద్దని చెప్పినాదా?” అని అడిగింది. నిజమే, డాక్టరమ్మ నాటుకోడి అనలేదు. ఈ ఊళ్ళో చికెన్ వేరు, కోడి వేరు అని ఆవిడకు నేనెలా చెప్పను? వెళ్ళి రెండూ వద్దని మళ్ళీ చెప్పించుకుని వచ్చాను. అత్త అంతా విని, “అట్లయితే సరి, ముందే కోడి అని చెప్పుంటే సరిపోయుండు” అని తేల్చేసింది. తప్పు మళ్ళీ నాదే.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి బాగా మానుతూ వచ్చింది. ఇంతలో పురట్టాసి వచ్చిపడింది. ఈ నెలలో మనవాళ్ళ సంగతి నీకు చెప్పాలా? పెరుమాళ్ళ నెలలో మాంసం పేరెత్తితేనే నోరు కడుక్కోమంటారు. మేకమాంసం కుక్కరులో పెట్టబోతే అత్త పొయ్యికి అడ్డం నిలబడింది. “పిల్లికి పురట్టాసి లేదు, సరి. పొయ్యికి ఉండాదే!” అంది. పెరుగన్నం పెట్టు, మన ఇంట్లో పుట్టిన పిల్లులన్నీ అది తినే బతికాయి అని పాఠం కూడా చెప్పింది. అందుకని పాత కరెంటు పొయ్యి మేడ మీదికి మోసుకుపోయి, ఎండలో గొడుగు పట్టుకుని మాంసం ఉడికిస్తున్నాను. నేను కిందికి దిగగానే అత్త మెట్లన్నీ పసుపునీళ్ళతో కడుగుతుంది. ఆ తడి మెట్ల మీద జారి నా మోకాలు వాచింది. ఇదంతా ఎవరి కోసం చేస్తున్నానో గుర్తుపెట్టుకో.

పైగా ఆ పిల్లికి నా మీద కాస్తయినా విశ్వాసం ఉందా? వండేది నేను, మందు రాసేది నేను, పడుకునేది మాత్రం అత్త ఒళ్ళో. ఆమేమో పిల్లీ గిల్లీ నాకెందుకమ్మా అంటూనే, పొద్దుగూకే వేళ వాకిట్లో కూర్చుని దానితో ఏవేవో చెబుతూ ఉంటుంది. అందులో సగం మాటలు నాకే అర్థం కావు, పాతకాలపు తెలుగు. మామయ్య పోయాక ఆమె ఇంట్లో ఎవరితోనూ అంతసేపు మాట్లాడినట్టు నాకు గుర్తులేదు. నాకు కడుపు మండుతుంది, నిజం చెబుతున్నాను. ఒక్కసారి నా ఒళ్ళో పడుకుంటే దాని సొమ్మేం పోతుంది?

పోయిన నెల నీ ఉత్తరం వచ్చింది. పిల్లిని ఒప్పుకునే ఇల్లు దొరికిందని, పుండ్లు మానగానే, దీపావళికి వచ్చి ఒబ్బట్టును తీసుకుపోతానని రాశావు. చదివి ఫ్రిజ్ మీద పెట్టి, హమ్మయ్య అనుకున్నాను. మానిన పిల్లిని నీ చేతిలో పెట్టి, చూడు, చూసుకోలేవా అన్నావుగా అని ఒక్క మాట అనాలని ఎంత ఆశపడ్డానో. సరిగ్గా ఆ తర్వాతే మళ్ళీ గోకడం మొదలైంది.

ఇది ఎలా సాధ్యం, నువ్వే చెప్పు! ఇంట్లో కోడీ లేదు, గుడ్డూ లేదు. మాంసం అంగడివాడు ఒకే మొద్దు మీద రెండూ కొడుతున్నాడేమో అని, మేకమాంసం తప్ప అమ్మని అంగడికి మారాను. పొడి మార్చాను. కిటికీలకు వల కొట్టించాను. మీ బావ బయట తిని వచ్చి ఎంగిలి చేతులతో ముట్టాడేమో అని అడిగితే, పురట్టాసిలో నన్ను అంత మాటంటావా అని అన్నం మానేశాడు. ఎదురింటి ఆరాయికి ఈ పట్టింపులేవీ లేవు, వాళ్ళింట్లో కోడి ఉడుకుతూనే ఉంటుంది. నేరుగా వెళ్ళి ఆమెను నిలదీశాను. పిల్లికి ఒక్క ముక్క కూడా వేయలేదక్కా, నా బిడ్డల మీద ఒట్టు అంది. అంటూ నా మొహం చూడకుండా నేల చూపులు చూసింది. అబద్ధం అనుకుందామంటే పిల్లి గడప దాటడం లేదు. అత్తను అనుమానించడానికైతే వీల్లేనే లేదు. నిన్న పురట్టాసి శనివారానికి ఉపవాసం ఉండి, కోడి బొమ్మ ఉన్న క్యాలెండరు కాగితాన్ని కూడా గోడ వైపు తిప్పిన మనిషి ఆమె.

మొన్న డాక్టరమ్మ చూసి పెదవి విరిచింది. ఇంత పథ్యం చేసినా తగ్గలేదంటే దీనికి కారణం తిండి కాదేమో అంది. ఇక పథ్యం ఆపేసి, ఈ బుధవారం నుంచి దురద ఆపే సూదులు వేద్దామంది. వేస్తే తగ్గుతుంది గానీ, ఏళ్ళ తరబడి వేయాల్సొస్తే ఒంట్లో చక్కెర చేరవచ్చట, లోపలి అవయవాలకూ మంచిది కాదట. ఇంకా చిన్న పిల్లి కదా అని ఆవిడే జాలిపడింది. నేను సరే అని వచ్చేశాను. ఇంకేం చేయను? ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను కృత్తికా. అది నా గాజులు కొరుకుతూ వచ్చింది. విసిగిపోయాను. నాకు చేతకాలేదు. నువ్వన్నదే నిజమైంది, సంతోషమా?

దీపావళికి వస్తే రా. మానిన పిల్లి మాత్రం దొరకదు. సూదుల పిల్లిని తీసుకుపోతావో, ఇక్కడే వదిలేస్తావో నీ ఇష్టం.

రేపు మన వర్క్‌షాపు భూపతి మోటారు పంపుల సామాను తీసుకుని మదురై వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతే పంపిస్తాను. పొద్దున్నే నేను గుడికి పోవాలి కాబట్టి, కవరు అతికించి అతనికి ఇమ్మని అత్తకు చెబుతాను. వేళకు తిను. నీ మీద కోపం ఉంది, అయినా తిను.

ఇట్లు,
నీ అక్క,
మధుమిత

తా.క. కృత్తిక అమ్మణికి అంజలమ్మ రాసేది. మీ అక్క కవరు నా చేతికిచ్చి గుడికి పోయినాది. భూపతి వచ్చేలోపల రాస్తా ఉండా. అక్షరం వంకరగా ఉంటాది, కోపం చేసుకోవద్దు.

నాకు తమిళ అక్షరం రాదు. తెలుగు వస్తాది. మా అవ్వ పెరుమాళ్ళ పాటల పుస్తకం ముందర పెట్టుకుని, వడ్ల పొట్టులో నా వేలు పట్టి దిద్దించినాది. ఈ ఊర్లో తమిళం చదవను రాకుంటే చదువే రాదని అంటారు. తెలుగు వస్తాదా అని ఒకరూ అడగలా. నేనూ చెప్పలా.

మీ అక్క నీకు రాసేదంతా నేను చదువుతా ఉండా. నన్ను తిట్టి రాసింది కూడా. కోపం లేదు. నా ముందర ఆమె అన్ని మాటలు మాట్లాడదు.

నీ జాబు కూడా ఫ్రిజ్జు మీద నుంచి తీసి చదివినా. పుండు మానితే పిల్లిని తీసుకుపోతానని రాసిండావు. ఆ పొద్దు నుంచి దా కోడి పెట్టినా. ఈసారి తెలవక కాదు, తెలిసే పెట్టినా. నేనే తినేదానికి కావాలని ఆరాయిని అడిగి, కొంగు కింద దాచి తెచ్చినా. పురట్టాసిలో ముసలిదానికి నాలుక ఆగలేదని ఆమె అనుకునె. అనుకోనీ. నా పరువు పోయినా సరి, కొంచం పుండు ఉంటే పిల్లి పోకుండా ఉండిపోతాది కదా అని అనుకుంటి.

సూది సంగతి నాకు తెలవదు. ఇప్పుడు ఇది చదివి దా తెలిసినాది. మీ అక్క పథ్యంలో ఏ తప్పూ లేదు. ఆమె గుడి నుంచి రాంగానే, కోడి పెట్టింది నేను దా, సూది వద్దు అని నా నోటితోనే చెప్పేస్తా. ఏమంటే అననీ. దీపావళికి కాకుంటే ఆ పైన నెలకు మానిపోతాది. వచ్చి తీసుకుపో.

అక్షరం వచ్చేది మాత్రం ఆమెకు చెప్పను. నువ్వూ చెప్పవద్దు. ఒబ్బట్టు తింటా ఉండాదా, ఎవరి ఒళ్ళో పండుకుంటా ఉండాది అని మీ అక్కకు తెలుగులో రాస్తా ఉండు. పెద్ద అక్షరాలుగా రాయి. ఆమె చదివి ఎప్పటి మాదిరి ఫ్రిజ్జు మీద పెడతాది.