జర్మన్ సారు ఓటు

బుధవారం, సెప్టెంబరు 2017. మహబూలా

ఈ గల్ఫ్‌లో నేను కారు తోలేది ఒక జర్మన్ ఇంజనీరుకు. ఆయన ఈ పొద్దు వెనక సీట్లోంచి కవరొకటి ఇచ్చి, సిటీలోని మిర్కాబ్‌లో కొరియర్ చెయ్యమన్నాడు. జర్మనీ ఎన్నికలకు ఆయన ఓటు అది. పుట్టింది మాత్రం నమీబియాలో, ఆఫ్రికాలో ఒకప్పుడు జర్మనీవాళ్ళు ఏలిన దేశం. ముత్తాత ఆక్రమించిన గొడ్ల ఫారం ఇప్పటికీ వీళ్ళదే.

"ఏ పార్టీకి సార్?"

"బయటోళ్ళను జర్మనీ నుంచి పంపించేసే పార్టీకి. ఫారంలో మావాళ్ళంతా దానికే."

"మరి ఆ ఫారంలో మీరు బయటోళ్ళు కాదా సార్?"

"అది మా ఇల్లు," అన్నాడు నవ్వుతా. ఒళ్ళు మండింది. అంత ధీమాగా నాకూ ఒక్కసారి అనాలనిపించింది.

నిన్ననే తమ్ముడు ఫోన్ చేసినాడు. "ఊర్లో లేవని ఓటర్ల లిస్టులో నీ పేరు కొట్టేసినారన్నా. షేకువైపోయినావు, నీకెందుకులే ఓటు." రాయచోటి బడికాడ ఆ లైన్లో నిలబడి వేలికి సిరా పెట్టించుకోవాలని ఎంత ఆశగా ఉందో వానికెట్లా చెప్పేది.

కవరు చించేద్దామనుకున్నా. చించలేక పంపించినా. పేరు కొట్టేస్తే ఎట్లుంటాదో నాకు తెలుసు.

సెలవిస్తే ముందు మండలాఫీసుకు పోయి నా పేరు మళ్ళీ రాయించుకోవాల. ఊర్లో కాపురముంటేనే రాస్తారంట. రెండేళ్ళకోసారి వచ్చే రెండు నెలల సెలవును కాపురమంటారో అనరో...