గుప్పిట్లో రాగితీగ

జమ్మలమడుగు, బుధవారం

వలి బాషా మామకు నమస్కారం. ఫోనులో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

కారు వెనక లైట్ల ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే, ఇంట్లో కరెంటు ఫ్యూజుకు చుట్టినట్టే దానికీ నేను రాగితీగ చుట్టాను. ప్రొద్దుటూరు దారిలో శిరీష, బిడ్డ లోపలుండగానే పొగ లేచింది. మీరు మెకానిక్ షెడ్డు నుంచి వచ్చి, కార్పెట్ కింద ఒరుసుకుపోయిన వైరును చేత్తో తడిమే పట్టేశారు. నా రాగితీగను గుప్పిట్లో దాచి, "ఎలుక కొరికిండాదిలేమ్మా" అని శిరీషకు చెప్పారు. నా చెవిలో మాత్రం, "ఫ్యూజు కాలేది కారు కాలకుండా ఉండేదానికప్పా" అన్నారు. మీ పనితనం కన్నా ఆ గుప్పిట గొప్పది మామా.

ఉండబట్టలేక నిన్న ఆమెకు నిజం చెప్పేశాను. "తీగ కోసరం నా ఇస్త్రీపెట్టె వైరు కోసిండేది ఆ పొద్దే చూసినా. మామ మాట తీసెయ్యలేక ఊరకుంటి" అంది.

శనివారం ఆ ఇస్త్రీపెట్టె మీ దగ్గరికి తెస్తున్నాను. ఒట్టు, నేను దాన్ని విప్పలేదు.

మీ అల్లుడు