తాగనివాడి తూలుడు

జూన్ 9. ఉదయం 10.40

సమ్మెట ఎత్తగానే కొలిమి, రేకుల కప్పు, ఇశ్రాయేలు మొహం అన్నీ గిర్రున తిరిగాయి. దెబ్బ పక్కకి పడింది. ఎర్రగా కాలిన లారీ కమాన్ పట్టీని పట్టకారుతో పట్టుకుని ఎదురుగా కూర్చునేది ఇశ్రాయేలే, నా బావమరిది. దెబ్బకీ వాడి వేళ్లకీ మధ్య బెత్తెడు కూడా లేదు. ఏం కాలేదులే బావా, ఇంకోటెయ్యి అన్నాడు.

నాలుగు నెలలుగా ఇదే బతుకు. ఎప్పుడు తిరిగిందో టైముతో సహా రాయమని నాలుగో డాక్టరు చెప్పాడు. రాస్తున్నాను.

జూన్ 10

7.15. 9.30. 4.05.

జూన్ 14

ఎమ్మారై నార్మల్. చెవులు నార్మల్. రక్తం నార్మల్. నేను రాసిన పేజీలవైపు డాక్టరు చూడనే లేదు. టెన్షన్ తగ్గించుకో అన్నాడు. బల్ల మీద గుద్దాను. అద్దం పగిలింది. సెక్యూరిటీ వాళ్లిద్దరు చొక్కా పట్టుకుని మెట్లదాకా ఈడ్చారు. ఏంజెల్ ఏడుస్తూనే వాళ్ల మీద పడింది. మా ఆయనకి జబ్బుందయ్యా, కనిపెట్టడం చేతగాక కొడతారా అంది. ఈ ఊళ్లో నా మాట నమ్మేది నా భార్య, ఆమె తమ్ముడు. ఇద్దరే.

జూన్ 20

వెల్డింగ్ హరిబాబు అందరి ముందూ, పొద్దున్నే ఏసుకొచ్చావా డేనియల్ అన్నాడు. మూతి మీద ఒక్కటిచ్చాను. వాడి పన్ను ఊడింది, నా చెయ్యి తెగింది. ఓనరు ఆదిశేషయ్య గారు విడదీసి, దిగేదాకా పడుకో, మజ్జానం నుంచి కొడుదువుగాని అన్నారు. బుద్ధెరిగాక నేను చుక్క ముట్టలేదు. మొన్న ఆదివారం పాస్టరు గారు కూడా ప్రార్థన చేస్తూ నా నోటి వాసన చూశారు.

జూన్ 27. సాయంత్రం 7.50

బందరు రోడ్డులో పోలీసులు బళ్లాపి డ్రైవర్లతో మిషన్‌లోకి ఊదిస్తున్నారు. నడిచి వెళ్లి, నేనూ ఊదుతానన్నాను. మమ్మల్ని చూసి సందుల్లో దూరేవోళ్లే గానీ ఎదురొచ్చినోణ్ణి నిన్నే చూశా అని కానిస్టేబుల్ నవ్వాడు. ఊదాను. సున్నా. బతిమాలి చీటీ తీయించుకున్నాను. నాలుగు నెలల్లో నా పక్షాన మాట్లాడిన కాగితం ఇదొక్కటే.

జూన్ 28

ఆదిశేషయ్య గారు చీటీ రెండుసార్లు చదివారు. హరిబాబుని పిలిచి నాకు సారీ చెప్పించారు. ఆ తర్వాత నా చేతిలో సమ్మెట తీసేసుకున్నారు. తాగుడైతే మజ్జానానికి దిగుద్ది నాయనా, ఇదెప్పుడు దిగుద్దో డాక్టర్లకే తెలీదు, ఇశ్రాయేలు చెయ్యి పోతే ఎవరిదయ్యా పూచీ అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఇంకా మండింది. సమ్మెట లాక్కుని విసిరాను. రేకు గోడ చీల్చుకుని పక్క షెడ్డులో పడింది. ఎవరికీ తగల్లేదు. తగిలినా ఆ క్షణాన నాకు లెక్క లేదు.

జూలై 2

నాది తాగుడు కాదు, జబ్బని ఆటోనగర్ మొత్తానికి తెలిసిపోయింది. ఎవరూ పనివ్వరు. చీటీ తెచ్చి కొరివితో తల గోక్కున్నాను.

జూలై 4

చివరి వీధిలో పుల్లయ్య కొత్తగా షెడ్డు పెట్టాడు. నా కోసం ఇశ్రాయేలు కూడా పాత పని మానేసి వచ్చాడు. వెళ్లేముందు క్వార్టర్ బ్రాందీ కొని, పుక్కిలించి ఉమ్మేశాను. గొంతు దిగనివ్వలేదు. గంట తిరక్కుండానే తూలాను. పుల్లయ్య దగ్గరికొచ్చి వాసన చూసి, ఓస్ ఇంతేనా, కాసేపు కూచో అన్నాడు. పని నిలబడింది.

ఇంట్లో ఏంజెల్ వాసన పట్టింది. అట్లకాడతో బాదింది. ఇన్నాళ్లూ ఇదా నీ జబ్బు అంటూ ఎమ్మారై ఫిల్ములు కత్తిరించేసింది. ఉమ్మేశానే అన్నాను. ఏ తాగుబోతైనా అదే చెప్తాడు అంది. ఇశ్రాయేలు పక్కనే ఉన్నాడు. ఫిల్ము ముక్కలు ఏరి చెత్తలో వేశాడు.

జూలై 9. ఉదయం 11.10

ఈరోజు తల తిరగలేదు. సమ్మెట సూటిగా దించాను. తూలే చేతికింద నాలుగు నెలలు బెదరకుండా కూర్చున్నవాడు, ఇవాళ నా నోటి వాసన తగలగానే బెదిరి చెయ్యి లాగేశాడు. పట్టీ ఎగిరి వాడి మెడ మీద పడింది. వాడి అరుపుకి వీధి వీధంతా వచ్చింది. నన్ను కొట్టారు. కొట్టనిచ్చాను.

జూలై 10

ఇశ్రాయేలు బతుకుతాడట. క్యాజువాలిటీ డాక్టరు నా దగ్గర ఒక్కసారి గాలి పీల్చి, ఏ పరీక్షా అడక్కుండా, కారణం మద్యం అని రాశాడు. కింద ఏంజెల్ సంతకం పెట్టింది.