ఆక్టోపస్ పిల్లల మేత

చిన్నీ,

లేవగానే ముందు తొట్టె ఫిల్టర్ మూతికి కట్టిన గుడ్డ చూడు. అది ఊడితే నీ ఆక్టోపస్ పిల్లలు మళ్లీ గొట్టంలోకి పోతాయి. నిన్న కొన్ని అలాగే పోయాయి కదా. అది నేను కుడుతున్న పెళ్లి గౌను లైనింగులోంచి కత్తిరించిన ముక్క. గౌను కుట్టమన్నావిడకి ఏం చెప్పుకోవాలో నువ్వే ఆలోచించు.

వాటి మేతకని రొయ్యపిల్లల్ని ఉప్పునీళ్ల సీసాలో పొదిగించావు, బాగానే ఉంది. ఆ సీసాని తాగేనీళ్ల సీసాల పక్కన పెట్టమని ఎవరు చెప్పారు? మీ నాన్న పొద్దున్నే ఎత్తి గటగటా తాగేశారు. ఇంకా ఉమ్ముతూనే ఉన్నారు. తిట్లు మాత్రం నాకు. అడుగున మిగిలింది కిటికీలో పెట్టాను. డ్రాపర్‌తో కొంచెం కొంచెం వెయ్యి, ఒకేసారి గుమ్మరించకు.

ఆక్టోపస్ గుడ్లు పెట్టినప్పుడే చెప్పాను, ఇది మనవల్ల అయ్యే పని కాదని. నా మాట ఏనాడు నీ చెవికెక్కింది గనక. నిన్ను పెంచడానికి కూడా నేనింత నిద్ర చెడగొట్టుకోలేదు.

తల్లి ఆక్టోపస్ పొద్దున చూస్తే చచ్చిపోయి ఉంది. నువ్వు తెల్లారేదాకా మేలుకుని అప్పుడే పడుకున్నావని లేపలేదు. పెరట్లో పాతిపెట్టాను. గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి అది మేత ముట్టలేదని నువ్వే అన్నావు.

నేను షాపుకి వెళ్తున్నాను.

అమ్మ

నిన్నటినుంచి నువ్వూ ఏమీ తినలేదు. నీ టిఫిన్ డబ్బా తొట్టె మూత మీదే పెట్టాను, ఇంకెక్కడ పెట్టినా నీ కంటపడదు. వాటికి తల్లి పోయింది. నీకింకా ఉంది. సాయంత్రం వచ్చి డబ్బా తెరిచి చూస్తుంది.