మొక్కు తప్పిన కాలు

మిలిటరీ ట్రైనింగ్ సెంటరు ఆసుపత్రి,
14 జులై 1985.

మహారాజశ్రీ నాయన ఇన్నయ్య గారి పాదాలకు కొడుకు శౌరయ్య నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. మరియమాత దయవల్ల రెంటచింతలలో నువ్వూ, అక్కా క్షేమమని తలుస్తాను.

క్షేమమని అలవాటుకొద్దీ రాశాను నాయనా. నా కుడికాలికి పిండికట్టు వేశారు. పాదంలో ఎముక చిట్లింది. వచ్చే నెల మా చేత ఒట్టు పెట్టించే కసం పరేడుకు నువ్వు రావద్దు. అందులో నేనుండను. నన్ను వెనక బ్యాచిలోకి తోసేశారు. కొడుకు కవాతు చూడటానికి రైలెక్కుతున్నానని నువ్వు ఊరంతా చెప్పే ఉంటావు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఎక్కణ్ణుంచి పడ్డావురా అని అడుగుతావు. ఎక్కడా పడలేదు. తూటా తగిలితే చెప్పుకోడానికైనా బాగుండేది. నాది ఉత్తినే పరిగెత్తి విరిగిన కాలు. మన ఊరి ఎండలో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లకు ఏమవుతుందిలే అని విర్రవీగాను. ఇక్కడికొచ్చీ రాగానే బరువైన బూట్లు తొడిగించి, వీపున మూట కట్టి ఒకటే పరుగు. పాదం వాచింది. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. మాకు కవాతు నేర్పే ఉస్తాదు ఇదంతా నాటకమన్నాడు. మనవాళ్లు కుంటిసాకు అంటారే, ఆ మాట నాకోసమే పుట్టిందేమో, అందరి ముందూ కుంటుతూ తిట్లు తిన్నాను. ఆ తర్వాత రోషానికి పోయి, నొప్పి ఉన్నా నోరు మూసుకుని పరిగెత్తాను. మళ్లీ ఎక్స్‌రే తీస్తే చీలిక బయటపడింది.

ఇక అసలు సంగతి. నేను బయల్దేరే రోజున చర్చిలో నా తలమీద చెయ్యిపెట్టి, పరేడు అయ్యేదాకా నా కొడుకు పాలు, గుడ్డు, మాంసం ముట్టడని మొక్కావు గదా. ఆ మొక్కు నేను తప్పాను నాయనా. మెస్సులో అందరూ తింటుంటే నాలుక ఆగలేదు. దేవుడు వెంటనే నా కాలు మీద దెబ్బ కొట్టాడు. తప్పు నాది, నీ మొక్కులో లోపం లేదు. ఫాదర్ గారికి చెప్పి నా పేర ఒక పూజ చేయించు. బాజాలు పెట్టి సాగనంపినవాళ్లు అడిగితే, తిండిపోతు వెధవ, వాడి ఖర్మ అని చెప్పు. పడతాను.

తల దించుకున్న నీ కొడుకు,
శౌరయ్య.

తా.క.: ఆరోగ్యమ్మక్కా, నాయనకు చదివి వినిపించేది నువ్వే గనక, ఇక్కడికి రాగానే పైకి చదవడం ఆపెయ్యి. ఇది నీకొక్కదానికే.

కాలు విరిగేదాకా నేను మొక్కు తప్పలేదు. మెస్సులో నా వాటా పాలూ గుడ్లూ పక్క మంచం గఫార్‌కే ఇచ్చేవాణ్ణి. మాచర్ల పిల్లోడు, నా పుణ్యమా అని దుక్కలా తయారయ్యాడు. ఏం తింటున్నావని డాక్టరు గారు అడిగితే మొక్కు సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. అలవాటు లేని బూట్లు, ఒక్కసారిగా అంత పరుగు, నొప్పి దాచడం, అన్నీ కారణాలేనట. ఎముకకు తిండి పెట్టకుండా మాడ్చడం వాటికి తోడైందట.

ఈ మాట నాయనకు తెలియకూడదు. అమ్మ పోయినప్పుడు నా మొక్కు చాల్లేదే అని గుండెలు బాదుకున్న మనిషి. ఆ మొక్కే కొడుకు కాలు మీదికి తెచ్చిందని తెలిస్తే మళ్లీ చర్చి మెట్లెక్కడు. తనను తాను తిట్టుకునే కన్నా నన్ను తిట్టుకోవడమే నయం.

డాక్టరు గారు రోజూ పాలు పంపిస్తున్నా ఇన్నాళ్లూ ముట్టలేదక్కా. ఇవాళ నాయనకు పచ్చి అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని ముందు గ్లాసెడు పాలూ తాగేశాను. ఆ తర్వాతే కలం పట్టాను.