ఆవు యజమానే పొదలు పీకాలి

హా ఖోబానే గ్రామం, ఆగస్టు, చలికాలం చివర

మాపులెంగ్ అమ్మగారికి,

గ్రామపెద్ద ఖోబానే గారి కొత్త గుమాస్తా లెరోటి రాయునది. తొలివానలు పడి పచ్చిక నిలదొక్కుకునేదాకా కొండమీది బీడులోకి పశువులు రాకూడదని చాటించాం, హద్దురాళ్లు పేర్చాం. అయినా మీ దొడ్లోని ఎర్రావు అందులో మేస్తూ దొరికింది. బందెలదొడ్లో కట్టేశాం. యజమాని స్వయంగా వచ్చి బీడులో ముళ్లపొదలు పీకి, వాననీరు కోసిన గండికి రాళ్లు పేర్చితేనే ఆవును వదులుతాం.

ఇట్లు, లెరోటి

తా.క.: ఆవు నా టోపీ నమిలింది. ఆ సంగతి విడిగా తేల్చుకుందాం.

*

లెరోటి అనేవాడికి,

నేను చెబుతుంటే పక్కింటి మాతెలో రాస్తోంది. చలికాలమంతా ఎండుదంట్లు నమిలిన ఆవు, అదీ చూలుతో ఉన్నది, పచ్చిక వాసన తగిలితే ఆగుతుందా? హద్దురాళ్లు చూసి వెనక్కి తిరగడానికి అదేమన్నా బడికెళ్లిందా? నేనే వెళ్లలేదు! ఇక్కడ మనవలు పాలులేని జావ ముందు పెట్టుకుని నన్ను మింగేలా చూస్తున్నారు. అయినా యజమాని వచ్చి పొదలు పీకాలన్నావు చూడు, నీ నోట్లో చక్కెర పొయ్య! తొందరగా పిలిపించు.

ఇట్లు, మాపులెంగ్

తా.క.: పలుగు తెచ్చుకోమను. నాది ఇవ్వను.

*

అమ్మా,

వెటకారం వద్దు. యజమాని వయసూ హోదా మోకాళ్లనొప్పులూ చెల్లవు. "ఎవరి ఆవైనా సరే!" అని పెద్దగారు ఊరందరి ముందు ఒట్టేశారు. రేపు తెల్లారేసరికి బీడులో ఉండాలి. ముద్ర వేసి పంపుతున్నాను.

ఇట్లు, లెరోటి

తా.క.: బదులు మనిషిని పంపితే ఒప్పుకోం.

*

నాయనా,

ఒట్టు కూడానా! కానీ తెల్లారేసరికంటే నమ్మకం లేదు. ఆయన పొద్దెక్కితేగానీ దుప్పటి వదలడు. అవతల మబ్బు కమ్ముకొస్తోంది. గండి తెగితే పచ్చికంతా లోయపాలు. ఆవు నీ బందెలదొడ్డి బురదలో జారి చూలు పోగొట్టుకుందంటే నిన్ను వదలను. కదులు!

ఇట్లు, మాపులెంగ్

తా.క.: ఆవిడ ఇంకో మూడు మాటలంది. నేను చర్చిలో పాటలు పాడేదాన్ని, అవి రాయను. - మాతెలో

*

అమ్మా,

ఆయనెవరు? ఆవు మీది కాదా?

లెరోటి

*

పిచ్చినాయనా,

పల్లపు ఊళ్లో పుట్టావు గనక ఇప్పుడడిగావు. ఈ కొండల్లో ముందు ఆవెవరిదని అడిగి, ఆ తర్వాతే తాడేస్తారు. నా మొగుడు చనిపోయిన ఏడు ఖోబానే పెద్ద తన మందలోంచి దాన్ని నా దొడ్డికి తోలాడు. పాలు నావి, పేడ నాది. ఆవూ దూడలూ ఆయనవి.

ముద్ర వేసిన నీ చీటీ నిన్న రాత్రే ఆయన గుమ్మానికి పంపా. అది తెలిసి నువ్వు జ్వరమని ముసుగుతన్ని పడుకున్నావట గనక చెబుతున్నా, విను. పొద్దున్నే ఆయన బీడుకొచ్చాడు. ఊరంతా వెనకే వచ్చింది. ఒక్క పొద పీకి, చేతికి ముల్లు దిగేసరికి నామీద లేచాడు. "నా ఆవును నా దొడ్డికే తోలుకుపోతా!" అన్నాడు.

ఇక పాలు పోయినట్టే అనుకున్నా. నోరు మాత్రం మూతపడలేదు. "తోలుకుపో. రేపు అది నీ దొడ్లోంచొచ్చి బీడులో దూరినా పొదలు పీకేది నువ్వే. పాలు పితికేదీ నువ్వే" అన్నాను.

నావంక చూశాడు. ఊరివంక చూశాడు. ఇంకో పొద పట్టుకున్నాడు. పెద్ద వంగాక మిగతావాళ్లు నిలబడతారా? గండికి సగం రాళ్లు పడ్డాయి.

ఇట్లు, ఆవు కోసం దొడ్డివాకిట్లో నిలబడ్డ మాపులెంగ్

తా.క.: నీ బందెలదొడ్లో బూడిదరంగు గాడిద కూడా ఉందటగా? అదెవరిదో కనుక్కో. పెద్దగారి భార్య నిన్నటినుంచి కర్ర పట్టుకుని వెతుకుతోంది.