మంత్రిగారి మెడ

28 జనవరి 1984, శనివారం. లండన్

హిల్డా పిన్ని ఉత్తరం. నాన్న ఊళ్ళో నేను పార్లమెంటులో టైపిస్టునని చెప్పుకుంటున్నాడట. మూడేళ్ళ డిగ్రీ, నిమిషానికి రెండొందల మాటల షార్ట్‌హ్యాండ్, చివరికి టైపిస్టు. నేను చదివి వినిపిస్తే టైపు చేసేది బెరిల్. ఆమె వింటే పడీపడీ నవ్వుతుంది. హాన్సార్డ్ రిపోర్టర్‌ని, సభలో ఎవరేమన్నారో రాస్తాను, అది అచ్చయి వందేళ్ళుంటుంది అని నాన్నకి నాలుగుసార్లు చెప్పాను. మాట్లాడేది వాళ్ళు కదా పిల్లా, అందులో నీదేముంది అన్నాడు. అమ్మది ఇంకో పాట. చిన్నప్పట్నించీ దీనికిదే రోగం, నోరు మూసుకుని జనం మొహాల్లోకి గుడ్లప్పగించి చూడటం, దానికి జీతం కూడా ఇస్తారా అని.

ఇస్తారు. చూడటం సగం ఉద్యోగం.

31 జనవరి, మంగళవారం

నాలుగూ ఇరవైకి నా వంతు. స్పీకర్ కుర్చీకి పైనున్న గ్యాలరీలో పది నిమిషాలు. చర్చ మా ఊరి గురించే. పోర్త్‌వాసా కొండమీది కోస్ట్‌గార్డు కాపలా గదిని వసంతంలో మూసేస్తారట. మొన్న పొగమంచులో మా అన్న డెంజిల్ పడవ రాళ్ళకేసి పోతుంటే చూసి సైరన్ మోగించింది ఆ గదిలోవాళ్ళే. అయినా అందరి మాటల్లాగే రాసుకుంటూ పోయాను.

మా ప్రాంతపు సభ్యుడు పెన్‌రోజ్, మంత్రిని రెండు అడిగాడు. కొత్త రెస్క్యూ పడవ ఇస్తారా? మంత్రి కూర్చున్నచోటే తల అడ్డంగా ఊపాడు. సరే, ఇవ్వరన్నమాట, కనీసం రెండేళ్ళపాటు కాపలా గది జోలికి పోరు కదా? మంత్రి తల నిలువుగా ఊపాడు. రెండుసార్లు. చాలా సంతోషం, ఆ మాట చాలు అని పెన్‌రోజ్ ముందుకెళ్ళాడు.

సభలో రికార్డయ్యే టేపులో గొంతు వినిపిస్తుంది, మెడ కనిపించదు. ఊరికే తల ఊపితే మేం రాయం. ముఖాముఖీ అడిగినదానికి జవాబుగా ఊపి, అడిగినవాడు దాన్ని జవాబుగా పుచ్చుకుంటే రాయాలి. రెండూ రాశాను, బ్రాకెట్లలో. అసమ్మతి తెలిపారు. సమ్మతి తెలిపారు.

1 ఫిబ్రవరి

పొద్దున్నే అచ్చు కాపీ. నా పది నిమిషాలు ఒకటిన్నర పేజీ. ఎక్కడా నా పేరుండదు. రెండుసార్లు చదువుకున్నాను.

3 ఫిబ్రవరి, శుక్రవారం

మంత్రిగారి సెక్రటరీ గార్‌సైడ్ మేడెక్కి మా గదికే వచ్చాడు. ఆరోజు మంత్రిగారికి మెడ పట్టేసిందట, సర్దుకుంటుంటే రిపోర్టరు సమ్మతి అనుకుందట, తర్వాత శాశ్వతంగా ఉంచే బైండు పుస్తకంలో ఆ ఒక్క ముక్క తీసేస్తే చాలట. నేను ఒక మాటన్నానో లేదో, ఓహో, యాస చూస్తే తమరిది ఆ పోర్త్‌వాసా తీరమేనన్నమాట అని నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి.

మా ఎడిటర్ ఆల్డ్‌రిడ్జ్ గారు ఇద్దర్నీ సోమవారం రమ్మన్నారు.

ఆ ముక్క పోతే కాపలా గది పోతుంది. మా ఊరికోసం కల్పించి రాశానని ముద్రపడితే, ఇక ఇక్కడ నా మాట ఎవరూ నమ్మరు.

6 ఫిబ్రవరి, సోమవారం

ఆల్డ్‌రిడ్జ్ గారు నా నోట్‌బుక్ అడిగారు. మార్జిన్‌లో నాలుగూ ఇరవయ్యారుకి అడ్డగీత, ఇరవయ్యేడుకి నిలువుగీతలు రెండు. మొదటిదానికి అభ్యంతరం ఉందా అని గార్‌సైడ్‌ని అడిగారు. అబ్బే, పడవ ఇవ్వం అన్న సంగతి నిజమేగా, అది ఉండాలి అన్నాడు. ఆల్డ్‌రిడ్జ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అడ్డంగా ఊపినప్పుడు బాగానే ఉన్న మెడ, నిమిషం తిరక్కుండా నిలువుగా ఊపేటప్పటికి పట్టేసిందా నాయనా అన్నారు.

గార్‌సైడ్ టోపీ చేతిలో తిప్పుకున్నాడు.

తర్వాత నావైపు తిరిగారు. అది మీ ఊరేనా? అవునండీ. మరి పడవ ఇవ్వనన్నది ఎందుకు రాశావు, మీవాళ్ళకి నష్టం కదా? ఊపారు కాబట్టి అన్నాను.

రెండూ ఉంటాయి అన్నారు.

నా బల్ల దగ్గరికి తిరిగొచ్చాను. బెరిల్ అడక్కుండానే టీ తెచ్చింది, మూడు చెంచాల చక్కెరతో.

9 ఫిబ్రవరి, గురువారం

నాన్న ఫోన్. కాపలా గది రెండేళ్ళు ఉంటుందని పెన్‌రోజ్‌కి మంత్రి ఉత్తరం రాయక తప్పలేదట. ఊరి చాపెల్ హాల్లో పెన్‌రోజ్ నా పేజీ చదివాడట, జనం బల్లలు చరిచారట. మనవాళ్ళకి భలే రాసిపెట్టావు పిల్లా అన్నాడు నాన్న. పద్దెనిమిదో తేదీ శనివారం విందు, బ్యాండు, కుంకుమపువ్వు బన్నులు. నన్ను వేదికమీద కూర్చోబెడతారట. పక్కనుంచి అమ్మ గొంతు: ఆ గుడ్లప్పగించి చూడటమే ఇప్పుడు పనికొచ్చిందని చెప్పు.

మనకోసం రాయలేదు నాన్నా, పడవ ఇవ్వనన్నదీ నేనే రాశాను అన్నాను. పెన్‌రోజ్ అది చదవలేదులే, నువ్వూ ఎక్కడా అనకు అన్నాడు.

టైపిస్టు అన్నప్పుడే నయం.

11 ఫిబ్రవరి

పేజీ మొత్తం, రెండు బ్రాకెట్లతో, హాలు గోడకి అతికించమని నాన్నకి పోస్టు చేశాను. విందుకి వెళ్ళడం లేదు.